ఆరంకెల్లో పట్టని కథ

"ఆటలాడుకుంటే జీతమిస్తారట కదా పెద్దమ్మా, నిజమేనా?" అని మా తోటికోడలి కూతురు మొన్న ఫోన్ చేసింది. పిల్లకి గేమ్ టెస్టింగ్‌లో ఉద్యోగం వచ్చింది. నాకు నవ్వొచ్చింది. నేనూ అలాగే అనుకుని చేరాను మరి. అందుకే ఇది రాస్తున్నాను, దానికీ, దానిలాగే ఉత్సాహపడుతూ ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలకీ. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, కుర్చీ ఎప్పుడు మారిందో ఇందులో ఉండదు. అవి వినడం మీకూ విసుగే, చెప్పడం నాకూ విసుగే. నేను చేసిన ఒక తప్పు ఉంటుంది. దాచుకోవాల్సిన వయసు దాటిపోయింది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

లెక్కల టీచరు ఆటల్లోకి ఎలా వచ్చింది

మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఒక ఇంటర్ కోచింగ్ కాలేజీలో పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పాను. సెక్షన్‌కి తొంభై మంది, మైకు లేదు. అరిచి అరిచి గొంతు పోయింది. ఇంకా అరిస్తే మొత్తానికే పోతుందన్నాడు డాక్టరు. నలభై తొమ్మిదేళ్ళ ఆడమనిషికి, అందులోనూ మాట పెగలని మనిషికి, ఉద్యోగం ఎవరిస్తారు? నా దగ్గర చదివిన శ్రీకాంత్ ఇప్పించాడు.

శ్రీకాంత్‌ది మన్సూరాబాద్. చైతన్యపురి సందులో జిరాక్స్ షాపు పైన రెండో అంతస్తులో ఉన్న చిన్న గేమ్ కంపెనీలో ప్రోగ్రామర్. పద్నాలుగు మంది ఉండేవాళ్ళు. యజమాని కిశోర్‌ది సూర్యాపేట, ముప్పై రెండేళ్ళవాడు. నన్ను చూసి ఏమనాలో తెలియక, "మేడమ్, మీరు కంప్యూటర్‌లో ఏం ఆడతారు?" అనడిగాడు. పేకాట కూడా ఆడననీ, కానీ ఎవరైనా చేసిన లెక్క ఇస్తే తప్పు ఏ వరసలో ఉందో చెప్తాననీ అన్నాను. మర్నాడే రమ్మన్నాడు.

మొదటివారమంతా చచ్చేంత సిగ్గుపడ్డాను. తెర మీద మనిషి పరిగెత్తమంటే గోడకి గుద్దుకునేది. పక్కన పిల్లలు మూతులు బిగించుకుని నవ్వు ఆపుకునేవాళ్ళు. శ్రీకాంత్ మాత్రం, "గట్లనే గుద్దుకోండి మేడమ్, ఎవ్వలు గుద్దుకోని గోడలకు గుద్దుకోండి" అన్నాడు. మూడోరోజు నేనలా గుద్దుకుంటే గోడలోంచి అవతలికి వెళ్ళిపోయాను. రెండు నెలలుగా ఆడుతున్న కుర్రాళ్ళెవరికీ ఆ తప్పు దొరకలేదు, వాళ్ళకి ఆడటం బాగా వచ్చు కదా. చేతకానివాళ్ళు ఎలా ఆడతారో తెలిసినవాళ్ళే ఈ పనికి కావాలి. చేరిన ఏడాదికి మీకు చెయ్యి తిరుగుతుంది, అప్పటినుంచే కళ్ళు మూసుకుపోవడం మొదలు. జాగ్రత్త.

ఏడో బావి

మేం చేసిన వాటిలో పేరొచ్చింది ఒక్కటే, "ఏడో బావి". రోల్ ప్లేయింగ్ గేమ్. అంటే ఆడేవాడే కథలో మనిషి, ఎవరిని నమ్మాలో, ఎవరితో ఏమనాలో వాడే తేల్చుకుంటాడు. దాన్నిబట్టి కథ మారుతుంది.

నీళ్ళింకిపోయిన ఒక గ్రహం. మనుషులు అక్కడికి వలసపోయి ఆరు బావులు తవ్వితే ఆరూ ఎండిపోయాయి. ఏడోదాంట్లో నీళ్ళు పడ్డాయి. ఆడేవాడు ఆ బావికి కాపలాదారు, తోడుగా చంద్రి అని ఒక మెకానిక్. నీళ్ళు ఎగువ బస్తీకి వదలాలా, దిగువ బస్తీకి వదలాలా అన్నది ఒక తగువు. చివర్లో బావి తలుపు కూలిపోతుంటే ఒకళ్ళు లోపలే ఉండి దాన్ని పట్టుకోవాలి, రెండోవాళ్ళు నీళ్ళతో బయటపడాలి. లోపల నువ్వుంటావా, చంద్రిని ఉంచుతావా? లోపల ఉన్నవాళ్ళు ఏమయ్యారో చెప్పకుండా అక్కడితో ఆట సమాప్తం.

ఆ రోజుల్లో ఇళ్ళల్లో కంప్యూటర్లు తక్కువ. మా ఆట ఆడింది ఎక్కువగా నెట్ సెంటర్లలో, కొత్తపేట నుంచి ఎల్.బి. నగర్ దాకా సందుకి రెండు ఉండేవి. ఒక పూటలో అయిపోయేట్టే ఆటని కట్టాం. ఒకటే చిక్కు. వైరస్‌ల బాధ పడలేక నెట్ సెంటర్ల వాళ్ళు ఒక ఏర్పాటు పెట్టుకునేవారు. కంప్యూటర్ ఆపి పెడితే అందులో దాచినదంతా తుడిచిపెట్టుకుపోయేది. అందుకని ఆట ముగిశాక తెర మీద ఒక సంకేతం చూపించేవాళ్ళం, కాగితం మీద రాసుకుపొమ్మని. మళ్ళీ వచ్చి ఇంకోసారి ఆడేటప్పుడు అది కొడితే తమ మనిషి తమకి దక్కుతాడు.

మొదట్లో అది ఇరవై నాలుగు అక్షరాలుండేది. విడుదలకి ముందు మేం ఆడించి చూసిన జనం రాసుకోవడంలో ఒకటి తప్పితే అంతా పోయేది, వచ్చి మొత్తుకునేవారు. పొట్టిగా చెయ్యమని నేనే రాసి ఇచ్చాను. శ్రీకాంత్ దాన్ని ఆరంకెలకి కుదించాడు. వందసార్లు కొట్టి చూశాను, ప్రతిసారీ పనిచేసింది. బాగుందని సంతకం పెట్టాను.

పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆరంకెల్లో రెండు, రాతలో తప్పు పట్టుకోవడానికి. మిగిలేవి నాలుగు. నాలుగంకెల్లో పదివేల రకాలే పడతాయి. అవునా కాదా అనే ప్రశ్నలు పదమూడు దాటితే అందులో పట్టవు. ఆటలో ఆడేవాడు తేల్చుకునేవి నలభై పైచిలుకు. ఏది ఉంచావు, ఏది తీసేశావు అని అడగడానికి నా నోటికేమొచ్చింది? పనిచేస్తోందా లేదా అన్నదే చూశాను, అందులో ఏముందో చూడలేదు.

బంద్ రోజున రాసిన వాక్యం

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. వారానికో బంద్. బస్సులుండేవి కావు. ఎల్.బి. నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించి, వందలమంది కూర్చుని వండుకుని తినేవాళ్ళు, వంటావార్పు అని. మా ఆఫీసులోనూ మధ్యాహ్నం డబ్బాలు తెరిచేసరికి వాదన మొదలు. కిశోర్, శ్రీకాంత్ ఒకవైపు, మేం కోస్తావాళ్ళం ఐదుగురం రెండోవైపు. గొంతు లేకపోవడం నాకు వరమైంది, లేకపోతే నేనూ ఎన్ని మాటలు అనేదాన్నో.

ఆట విడుదలకి రెండు రోజుల ముందు అలాంటి బంద్ ఒకటి. కథ రాసే అబ్బాయి రాలేకపోయాడు. నేను నడిచి వెళ్ళాను, శ్రీకాంత్ బైకు మీద సందుల్లోంచి వచ్చాడు. ముగింపు తెర మీద అంకె కింద ఒక వాక్యం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. "ఏదన్న ఒకటి చెప్పండి మేడమ్, మీరు టీచర్ కద" అన్నాడు వాడు. నేను చెప్పాను, వాడు కొట్టాడు.

"నీ కథంతా ఈ అంకెలో ఉంది. దాచుకో."

బాగా వచ్చిందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

అభిమానుల బెంగ

మూడేళ్ళకి రెండో భాగం తీస్తామని ప్రకటించాం. అప్పటికి నాకు ఇంకో పని తగిలించారు, ఆడేవాళ్ళు రాసే ఉత్తరాలు చదివి జవాబివ్వడం. కొత్తవాళ్ళు ఈ పనిని చిన్నచూపు చూస్తారు. చూడొద్దు. కొత్త భాగం వస్తోందంటే అభిమానికి సంతోషం కన్నా ముందు బెంగే పుడుతుంది. ఇష్టపడ్డ వస్తువు మళ్ళీ పరాయివాళ్ళ చేతిలో పడిందన్న బెంగ అది.

ఏమేం బెంగలు. మాటలు తగ్గించి కొట్లాటలే పెడతారట కదా. గ్రహం మార్చేస్తారట కదా. చంద్రిని చంపేస్తారట కదా. ఇక ఎగువ, దిగువ బస్తీల సంగతి చెప్పక్కర్లేదు. "ఎగువోళ్ళను దొంగల్లెక్క చూపిస్తున్నరట, మీ కంపెనీ ఎవరిదో మాకు ఎర్కనే" అని ఒక ఉత్తరం. "దిగువవాళ్ళని దోపిడీదారుల్ని చేస్తున్నారని విన్నాం, మీరెవరో మాకు తెలుసు" అని అదే రోజు ఇంకోటి. రెండూ కిశోర్‌కి చూపిస్తే తల పట్టుకున్నాడు.

నేను చేసిన రెండో పొరపాటు ఇక్కడ. అన్నీ ఉద్యమం వేడిలో రాస్తున్నారనుకుని చదవడం తగ్గించాను. నా పేరు చూసి కోస్తా మనిషని తిడుతున్నారని లోపల ఉక్రోషం కూడా. అలా తిట్టినవి లెక్కేస్తే రెండో మూడో. మిగతా వాటిలో ఎక్కువమంది అడిగింది వేరే, "నా అంకె దాచుకున్న. రెండో భాగంల అది నడుస్తదా?" అని.

నడుస్తుందని రాసే ముందు శ్రీకాంత్‌ని ఒక మాట అడుగుదామనిపించింది. వాడు కుర్చీ వెనక్కి లాక్కుని నా వైపు తిరిగాడు.

"నడుస్తది మేడమ్. కని అండ్ల ఏం లేదు."

"ఏం లేదంటే?"

"హోదా ఉంది, ఆయుధాలున్నయి, నీళ్ళు ఏ బస్తీకి ఇడిచిండో ఉంది. బావి కాడ ఎవరున్నరు, చంద్రికి ఏమన్నడు, అవేం లేవు. ఆరంకెల పట్టవు కద. రెండో భాగం ఒస్తదని అప్పుడు మనమేమన్న అనుకున్నమా?"

తెర మీద ఆ వాక్యం నాది. నీ కథంతా ఈ అంకెలో ఉంది అని రాసింది నేను.

ఇద్దరం కిశోర్ దగ్గరికి వెళ్ళాం. విని, ఏమాత్రం కంగారుపడలేదు. "బావి దగ్గర హీరోనే ఉండిపోయాడు, చంద్రిని బయటికి పంపాడు అని అందరికీ ఒకటే పెట్టేద్దాం మేడమ్. త్యాగం చేశావంటే కాదనేవాడెవడు? మీరు మాత్రం అంకె పనిచేస్తుందని రాయండి. అబద్ధం కాదు కదా."

కిశోర్ చెడ్డవాడు కాదు. విడుదలకి నాలుగు నెలలుంది, అందరి ఉద్యోగాలూ దాని మీదే ఉన్నాయి. అయినా నేనప్పుడు ఎదురు చెప్పాల్సింది. చెప్పలేదు. "మీ అంకె రెండో భాగంలో పనిచేస్తుంది" అని రాసి, అందరికీ పంపాను. నా ఉద్యోగంలో రాసిన అన్ని వాక్యాల్లోకీ నీచమైంది అదే. ఒక్క అక్షరం తప్పు లేదు చూడండి అందులో, అందుకే నీచమైంది.

సరూర్‌నగర్ నెట్ సెంటర్

వారం తిరక్కుండా సరూర్‌నగర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పేరు యాదగిరి, చెరువు దగ్గర నెట్ సెంటర్. "మీ జవాబు గోడకు అంటిచ్చిన మేడమ్. పోరగాళ్ళు మస్తు ఖుషీగున్నరు. ఒక్కపారి రండి, మిమ్ముల జూస్తరట." రానని ఎలా చెప్పను? ఆదివారం పొద్దున పదింటికి వెళ్ళాను.

ఎనిమిది కంప్యూటర్ల చిన్న గది. నేను రాసింది నిజంగానే గోడ మీద ఉంది. యాదగిరి సొరుగులోంచి అట్ట వేసిన రెండొందల పేజీల నోటుబుక్కు తీశాడు. చీటీలు పారేసుకుంటారని, తన దగ్గర ఆట ముగించిన ప్రతివాడి పేరూ, పక్కన వాడి అంకే తనే రాసిపెట్టాడు. మూడేళ్ళ నుంచి. ఆటో నడిపేవాళ్ళు, కోచింగ్ పిల్లలు, దవాఖానలో పనిచేసే ఒక అమ్మాయి. "నేను జిమ్మేదారి అని చెప్పిన మేడమ్. మీ అంకె నా కాడ భద్రం అన్న" అన్నాడు. పేజీలు చివరిదాకా తిప్పి చూశాను.

పదిహేనుమంది దాకా చేరారు. వాళ్ళలో మల్లేశ్ అని ఒకతను, ముప్పై అయిదు దాటి ఉంటాయి. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో లారీల నుంచి పెట్టెలు దించే పని. పొద్దున వేలంపాట అయిపోయాక వచ్చి ఆడతాడట. మిగతావాళ్ళంతా మేం ఇలా చేశాం, అలా చేశాం అని పోటీపడి చెప్తుంటే అతను వెనక నిలబడి వింటున్నాడు. మీరేం చేశారండీ బావి దగ్గర, అనడిగాను.

"గది చెప్ప మేడమ్" అన్నాడు నెమ్మదిగా. "నేనేం చేసిన్నో ఎవ్వలికి చెప్పలె. గా అంకెకే ఎర్క."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎవరికీ చెప్పుకోని మాట ఒకటి ఆ అంకెలో ఉందనుకుని ఈ మనిషి మూడేళ్ళు నిశ్చింతగా ఉన్నాడు. నేను రాసిన వాక్యాన్ని నమ్మి.

కిశోర్‌ని అడగలేదు, శ్రీకాంత్‌కి చెప్పలేదు. అక్కడే నిలబడి, వచ్చిన కాస్త గొంతుతో చెప్పేశాను. అంకెలో ఏముందో, ఏం లేదో. ఆ వాక్యం నాదేనని. గోడ మీదున్న జవాబు కూడా నాదేనని. రెండో భాగంలో అందరూ త్యాగం చేసినట్టే ఉంటుందని.

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆంధ్రామె మోసం చేసిందంటారని చూశాను, అదీ అనలేదు. యాదగిరి నోటుబుక్కు మూసి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నా దుకాణంల నిలబడి చెప్తున్నరు మేడమ్ గీ మాట. నిన్నటి దనక నేను జిమ్మేదారి అన్న. రేపటి సంది నా మాట ఎవడు నమ్ముతడు?" అన్నాడు.

మల్లేశ్ ముందుకొచ్చాడు. "అంటె మేడమ్, నేను గూడ మంచోన్నే అయిపోతనా? ఏం చెయ్యకున్న?"

"అవును."

"గట్లెట్ల? అందరిది ఒక్కటే అయితె ఇగ నాదేంది అండ్ల?" అన్నాడు. కోపంగా కాదు, అర్థం కాక అడిగాడు. "అంకెల పట్టకపోతె పట్టకపాయె. మమ్ముల అడగొచ్చు కద. అడిగితె చెప్తుంటిమి. మీరు మమ్ముల అడగనే లేదు."

అంత తేలిక ఉపాయం పద్నాలుగు మందిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ పాత అంకెల్లోంచి ఇంకేమైనా బయటికి లాగొచ్చేమోనని శ్రీకాంత్ వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. అడిగితే సరిపోతుందని ఎవరమూ అనుకోలేదు. ఆడేవాడి గురించి అన్నీ మన దగ్గరే ఉండాలని మాకొక పిచ్చి.

కిశోర్‌తో తగువు

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే చేసిన పని చెప్పాను. కిశోర్ మొహం ఎర్రబడింది. "ఎవరినడిగి చెప్పారు మేడమ్?" అన్నాడు. ఎవరినీ అడగలేదన్నాను. తీసేస్తే తీసేయమన్నాను. ఈ వయసులో మూడో ఉద్యోగం నాకెవరూ ఇవ్వరని తెలిసే అన్నాను.

లోపల ఉండిపోయింది ఎవరైనా ఇద్దరూ బతికి బయటపడ్డట్టు పెట్టి, ఆట మొదట్లోనే చంద్రి ఎదురై, అప్పుడు ఏం జరిగిందో ఆడేవాణ్ణే అడుగుతుందని, వాడు చెప్పినదాన్ని బట్టి కథ సాగుతుందని వివరించాను. అతను కొట్టిపారేశాడు.

"అబద్ధం చెప్తారు మేడమ్. ఒక్కడు కూడా నేను పారిపోయానని చెప్పడు. అందరూ త్యాగమూర్తులే అవుతారు. మనం పెట్టినదానికీ దానికీ తేడా ఏముంది? దానికోసం రెండు నెలల పని."

నిజానికి నేనూ అబద్ధాలే చెప్తారనుకున్నాను. మాట్లాడింది శ్రీకాంత్. ఆఫీసులో కిశోర్‌ని అన్నా అని పిలిచేది వాడొక్కడే.

"అన్నా, మొన్న చౌరస్తల కూసోని ఏమన్నం మనం? మా సంగతి మమ్ముల అడగండ్రి, మీరే అనుకోని మీరే రాసుకోకండ్రి అనే కద? మన ఆట ఆడేటోన్ని మనమే అడగకపోతె ఎట్ల?"

కిశోర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి సందులోకి చూశాడు. తర్వాత, విడుదలని ఒక నెల వెనక్కి జరుపుతున్నానన్నాడు. నా వైపు చూడకుండా, "తప్పు జరిగిందని మీరే రాయండి. మీ పేరుతోనే రాయండి" అన్నాడు. రాశాను. పై అధికారుల గురించి నా అభిప్రాయం ఒకటే, తప్పు చెయ్యని బాసుని వెతక్కండి, దొరకడు. కోపం తగ్గాక వినేవాడు దొరికితే వదులుకోవద్దు.

యాదగిరి బాకీ మాత్రం ఉత్తరంతో తీరేది కాదు. వారం రోజులు సాయంత్రం అయిదింటికి సరూర్‌నగర్ వెళ్ళి ఆయన కౌంటర్ పక్కన కూర్చున్నాను. నోటుబుక్కులో పేరున్న ఎవరొచ్చినా, వాళ్ళకి జరిగింది చెప్పాను. కొందరు విసుక్కున్నారు. దవాఖాన అమ్మాయి ఇక ఆడనని వెళ్ళిపోయింది, తరవాత కూడా రాలేదని విన్నాను. నాలుగోరోజు యాదగిరి నాకు చాయ్ తెప్పించాడు. అయిదోరోజు, "నేను గూడ చెప్తలే మేడమ్, మీ గొంతు పోతది" అన్నాడు.

విడుదల

రెండో భాగం వచ్చిన రోజు కూడా బంద్. మామిడికాయల లారీలు మార్కెట్‌కి రాలేదు, కాబట్టి మల్లేశ్‌కి పని లేదు. పొద్దున తొమ్మిదింటికే యాదగిరి షట్టర్ సగం ఎత్తి పెట్టాడు. నేను మల్లేశ్ వెనక స్టూలు మీద కూర్చున్నాను. ఎవరైనా మొదటిసారి ఆడుతుంటే వెనక కూర్చుని నోరు మూసుకుని చూడాలి, అది ఈ పనిలో నియమం.

మల్లేశ్ తన ఆరంకెలు కొట్టాడు. చంద్రి వచ్చింది, మూడేళ్ళు పెద్దదయింది. అటూ ఇటూ నాలుగు మాటలయ్యాక అడిగింది, "ఆ రోజు బావి దగ్గర ఎవరు ఉండిపోయారు?" కింద రెండు జవాబులు. నేను. నువ్వు.

అతని వేలు మీట మీద ఆగిపోయింది. గదిలో ఏడెనిమిది మంది ఉన్నారు, అందరి కళ్ళూ ఆ తెర మీదే. మొదటిది నొక్కితే సరిపోతుంది. కాదనే సాక్ష్యం ఈ భూమ్మీద ఎక్కడా లేదు, అది అతనికి నేనే చెప్పాను.

రెండోది నొక్కాడు. నువ్వు.

మల్లేశ్ నా వైపు తిరక్కుండానే చెప్పాడు. "గా దినం నాకు మాపటి డ్యూటీకి టైమ్ అయితుండె మేడమ్. నేనుంటనంటె ఇంక అద్దగంట ఆడాలె. ఆమెను ఉంచితె ఆడికే అయిపోతది. గందుకే ఒదిలిపెట్టి పోయిన, ఇంకేం లేదు. బస్సుల కూసున్నంక అనిపించింది, గిట్లెందుకు చేస్తి అని. ఆటనే కద అనుకున్న. కని మన్సుల ఉండిపాయె."

కిశోర్ ఆ గదిలో ఉంటే బాగుండుననిపించింది. ఒక్కడు కూడా చెప్పడన్నాడు, నేనూ లోపల ఒప్పుకున్నాను. పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పీ, ఇన్ని ఉత్తరాలు చదివీ మనుషుల గురించి నాకు తెలిసింది ఇంతే.

తెర మీద చంద్రి అడిగింది, "నన్నెందుకు వదిలేసి వెళ్ళావు?" కింద మూడు జవాబులు. నీళ్ళు బస్తీకి చేరాలి కదా. వేరే దారి కనిపించలేదు. అది జరిగిపోయిన సంగతి.

మల్లేశ్ మూడూ చదివాడు. మళ్ళీ చదివాడు. మీట కిందికి నొక్కి చూశాడు, ఇంకేమైనా ఉందేమోనని. అప్పుడు వెనక్కి తిరిగాడు.

"మేడమ్, తప్పయిందని లేదా గిండ్ల?"

లేదు. ఆ ఘట్టాన్ని నేను ఎన్ని వందలసార్లు ఆడి చూశానో నాకే తెలియదు. ప్రతి జవాబూ నొక్కాను, ప్రతిదీ పనిచేసింది, సంతకం పెట్టాను. వదిలేసి వెళ్ళినవాడు తప్పయిందని చెప్పాలనుకుంటాడని నాకు ఒక్కసారీ తోచలేదు.

"లేదు మల్లేశ్. పెట్టిస్తాను" అన్నాను.

అతను ఆట ఆపేశాడు. పెట్టినంక ఆడతానన్నాడు. బంద్ కదా, బస్సుల్లేవు. సరూర్‌నగర్ నుంచి చైతన్యపురి దాకా నడిచి వెళ్ళి శ్రీకాంత్‌కి చెప్పాను. పన్నెండు రోజులు పట్టింది. నాలుగో జవాబుగా ఆ మాట చేరింది. మల్లేశ్ మళ్ళీ మొదటినుంచి ఆడి, అక్కడికొచ్చి, దాన్ని నొక్కాడు.